నా అనుభవం: కాపర్-టీ, ఆ తర్వాతి నాలుగు ముట్లు

కాపర్-టీ అంటే గర్భం రాకుండా గర్భసంచిలో పెట్టే చిన్న రాగి సాధనం. అది వేయించుకున్నవాళ్లను ఎవరైనా మొదట అడిగేది "నొప్పి ఉంటదా?" అనే. ఉంటుంది, పది నిమిషాలు. అంతకంటే ఎక్కువగా చూసుకోవాల్సినవి రెండు. ఒకటి, వేసే సిస్టర్ డ్యూటీలో ఉండే రోజూ మన నెలసరి రోజూ కలవాలి. రెండోది, వేశాక వచ్చే మొదటి మూడు నాలుగు ముట్లకు సరిపడా రక్తం ఒంట్లో ఉండాలి. నల్లగొండ జిల్లాలో ఒక సర్కారు దవాఖానలో 2024 దసరా తర్వాత మొదలైన ఈ పని 2025 వానాకాలానికి గానీ ఒక కొలిక్కి రాలేదు.

హార్మోన్ లేని పద్ధతే కావాలని ముందే అనుకున్నా. నాకు తలనొప్పి మొదలయ్యే ముందు కళ్ల ముందు వెలుగు గీతలు కదులుతాయి. అలాంటి మైగ్రేన్ ఉన్నవాళ్లకు ఈస్ట్రోజెన్ హార్మోన్ ఉండే మాలా-ఎన్ రకం మాత్రలు ఇవ్వరు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది కాబట్టి. గర్భం రాకుండా ఇచ్చే 'అంతర' ఇంజెక్షన్‌లో ఈస్ట్రోజెన్ లేదు కానీ అదీ హార్మోనే. మూడు నెలల మందు ఒకేసారి ఒంట్లోకి పోతుంది, పడకపోతే మధ్యలో తీసేయడానికి ఉండదు. ఇక ఆపరేషన్ సంగతి. పాపకు మూడేళ్లు, ఇంకొకరు కావాలనుకుంటున్నాం, అందుకని అదీ కాదు. మగవాళ్లకు కోత, కుట్టు లేకుండా చేసే వేసక్టమీ ఆడవాళ్ల ఆపరేషన్ కంటే చిన్నది, తేలిక. మా ఊళ్లో ఆ మాట ఎత్తితే మాత్రం టీవీ సౌండ్ పెరుగుతుంది.

మిగిలినవి నిరోధ్, ఛాయ మాత్ర, కాపర్-టీ. నిరోధ్‌ను ప్రతిసారీ సరిగ్గా వాడితే ఏడాదిలో నూటికి ఇద్దరికి గర్భం వస్తుంది. మామూలుగా జనం వాడే తీరులో అయితే 13 మందికి. ఆ తేడా అంతా "ఈ ఒక్కసారికి ఏం కాదులే" అనుకోవడం వల్ల వచ్చేదే. ఛాయలో హార్మోన్ లేదు. సెంట్‌క్రోమన్ అనే ఆ మందు లక్నోలోని సీడీఆర్‌ఐలో తయారైంది, బయట మెడికల్ షాపుల్లో సహేలీ పేరుతో దొరుకుతుంది. నెలసరి మొదటి రోజు ఒకటి వేసుకుని, అక్కడి నుంచి మూడు నెలలపాటు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి. మొదటి మాత్ర ఆదివారం పడితే రెండోది బుధవారం, ఇక ఆ రోజులు మారవు. మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, వచ్చే ముట్టు దాకా నిరోధ్ కూడా వాడాలి. ఏడు రోజులు దాటిపోతే లెక్క మళ్లీ మొదటికి, వారానికి రెండు నుంచి. నాకు ఇది బాగానే అనిపించింది కానీ పీసీఓడీ (నెలసరి ఆలస్యమయ్యే అండాశయాల సమస్య) ఉందని చెప్పగానే సిస్టర్ వద్దన్నారు. ఛాయతో ముట్టు వెనక్కి జరుగుతుంది, పీసీఓడీలో అది ముందే జరిగి ఉంటుంది. ప్రతి నెలా గర్భమేమో అని కిట్టు కొనుక్కుని కూర్చోవాలి.

అట్లా కాపర్-టీ దగ్గర ఆగాం. మొదటి ఏడాదిలో నూటికి ఒకరికంటే తక్కువ మందికే అది విఫలమవుతుంది. సర్కారులో రెండు రకాలు ఉచితం: 380-ఏ పదేళ్లకు, 375 ఐదేళ్లకు. పదేళ్లది వేసుకుంటే పదేళ్లూ ఉంచుకోవాలని ఏమీ లేదు, రెండేళ్లకే తీయించుకోవచ్చు. అందుకని రకం గురించి తల పగలగొట్టుకోనక్కర్లేదు. నేను పోయిన చోట ఉన్నదే 380-ఏ.

ఇంట్లో ఒక భయం తీర్చాల్సి వచ్చింది. "లూపు పైకెక్కి గుండెకు పోతది" అని మా అత్తమ్మ వాళ్ల కాలం నుంచి నడుస్తున్న మాట. గర్భసంచి నుంచి గుండెకు దారి లేదు. వెయ్యిలో ఒకరిద్దరికి గర్భసంచి గోడకు చిల్లు పడి కాపర్-టీ కడుపులోకి జారడం ఉంది. అది దాదాపు వేసేటప్పుడు జరిగేదే. కాన్పయిన కొత్తలో, పాలిస్తున్నప్పుడు ఆ ముప్పు కొంచెం ఎక్కువ. అందుకే అలవాటున్న చేయి కావాలి.

ఆలస్యమంతా ఆ చేయి దొరకడంలోనే. పీహెచ్‌సీలో కాపర్-టీ అందరు సిస్టర్లూ వేయరు, ట్రైనింగ్ అయినవాళ్లే వేయాలి. మా దగ్గర అలాంటివాళ్లు ఒక్కరే. నవంబర్‌లో ముట్టు వచ్చిన ఐదో రోజున పోతే ఆమె నైట్ డ్యూటీ దిగి వెళ్లిపోయారు, ఆ తర్వాత వారం సెలవు. మొదటి రోజు నుంచి 12 రోజుల లోపు వేయడం వాళ్ల పద్ధతి, గర్భం లేదని ఖాయంగా తెలుస్తుంది కాబట్టి. నెలసరి సరిగ్గా వచ్చేవాళ్లకు ఒక నెల పోతుంది. నాలా నలభై, నలభై అయిదు రోజులకు వచ్చేవాళ్లకు అంతకంటే ఎక్కువే పోతుంది. కాబట్టి ఆశ వర్కర్‌ను "కాపర్-టీ ఉందా?" అని అడిగి ఊరుకోవద్దు. "వేసే సిస్టర్ ఈ వారం పొద్దటి డ్యూటీలో ఏయే రోజులు ఉంటది?" అని అడగాలి. బుధవారం, శనివారం పిల్లల టీకాలు. నెలలో 9వ తేదీన గర్భిణుల చెకప్, ఆ రోజు కుర్చీ కూడా దొరకదు. మిగతా రోజుల్లో పొద్దున తొమ్మిదిన్నరకల్లా పోతే నయం. ముట్టు ఐదు నుంచి ఏడో రోజు మధ్య అయితే మనకు ఇబ్బంది తక్కువ, వాళ్లకూ సులువు.

ఇంకో మార్గం కాన్పప్పుడే వేయించుకోవడం. మాయ పడిన పది నిమిషాల్లోపు గానీ, 48 గంటల్లోపు గానీ వేస్తారు. ఆ గడువు దాటితే ఆరు వారాలు ఆగాలి. అప్పుడు ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే ఇన్ని తిప్పలు ఉండేవి కావు. కాకపోతే కాన్పప్పుడు వేసింది జారిపడే అవకాశం ఎక్కువ.

మొదటిసారి పోయినప్పుడు వేయకపోయినా రక్తం తీసుకున్నారు. హిమోగ్లోబిన్ 9.6. అంత ఉన్నా కాపర్-టీ వేయడానికి కాదనరు కానీ, మొదటి నెలల్లో ముట్టు ఎక్కువ పోతుంది కనుక ఐరన్ ఇప్పటి నుంచే మొదలుపెట్టమన్నారు. వేయించుకోవాలని ఆలోచన ఉన్నవాళ్లు రెండు నెలల ముందే ఈ పని చేసుకుంటే మంచిది. మాత్రను పాలతో, చాయ్‌తో వేసుకుంటే ఒంటికి పట్టదు, ముందూ వెనకా గంట, రెండు గంటలు ఎడం ఉండాలి. నిమ్మరసంతో గానీ, బత్తాయి తిని గానీ వేసుకుంటే బాగా పడుతుంది. నల్లగొండలో ఉండి బత్తాయికి కరువు లేదు కదా. మలం నల్లగా వస్తుంది, భయపడొద్దు. మలబద్ధకం వస్తే రాత్రి పడుకునే ముందుకు మార్చుకోవాలి. జనవరికి 11.1కి వచ్చింది.

సంక్రాంతి పోయాక, జనవరి చివరి వారంలో పని అయ్యింది. ఓపీ చీటీ, ఆధార్, ఫోన్ నంబర్. మూత్ర పరీక్ష, గర్భం లేదని. తర్వాత వరసగా ప్రశ్నలు: చివరి ముట్టు తేదీ, కాన్పులెన్ని, మామూలు కాన్పా ఆపరేషనా, వాసనతో తెల్లబట్ట పోతుందా, ముట్టు కాని రోజుల్లో రక్తం కనబడుతుందా, భర్తకు సుఖవ్యాధి లాంటిదేమైనా ఉందా. ఈ చివరి ప్రశ్నకు మొహం మాడ్చుకోవద్దు. లోపల ఇన్‌ఫెక్షన్ ఉండగా కాపర్-టీ వేస్తే ఆ ఇన్‌ఫెక్షన్ పైకి పోతుంది, ముందు మందులు వాడి తగ్గాకే వేస్తారు. భర్త సంతకం కావాలని పక్కన కూర్చున్నావిడ అన్నది. ఆ నియమం లేదు, నన్ను ఎవరూ అడగలేదు. రెండు గంటలకు పైగా కూర్చోబెట్టారు.

ఖాళీ కడుపుతో పోవద్దు. పరగడుపున ఉండాలేమోనని చాలామంది తినకుండా వస్తారు, టేబుల్ మీద కళ్లు తిరిగేది వాళ్లకే. గర్భసంచి మూతిని తాకినప్పుడు కొందరికి బీపీ ఉన్నట్టుండి పడిపోతుంది, చెమటలు పోస్తాయి. గంట ముందు తిని, ఒక ఐబుప్రొఫెన్ 400 వేసుకుంటే తర్వాత వచ్చే పోటుకు పనికొస్తుంది. అల్సర్, ఆస్తమా ఉన్నవాళ్లు అడగకుండా వేసుకోవద్దు. మూత్రానికి పోయి వచ్చాక టేబుల్ ఎక్కించారు.

ముందు చేత్తో లోపల పరీక్ష చేశారు, గర్భసంచి ముందుకు ఒరిగి ఉందా వెనక్కి ఉందా అని. అది తెలియకుండా కడ్డీ పెడితేనే చిల్లులు పడేది. తర్వాత స్పెక్యులమ్, అంటే లోపల కనబడేలా తెరిచి ఉంచే పరికరం, చల్లగా తగులుతుంది. మూతిని అయోడిన్‌తో రెండుసార్లు తుడిచారు. నొప్పి మూడు చోట్ల తెలిసింది. మూతిని పట్టుకారుతో పట్టినప్పుడు ఒక గట్టి గిల్లుడు. లోతు కొలిచే కడ్డీ లోపలి గోడకు తగిలినప్పుడు నడుములోకి పాకే పోటు. ఇది అన్నింటికంటే ఎక్కువ, అర నిమిషం. చివరగా కాపర్-టీ రెక్కలు విచ్చుకున్నప్పుడు ఇంకో పోటు. సిస్టర్ కొలత పైకి చెప్పారు, ఏడున్నర సెంటీమీటర్లు. గొట్టం మీద ఉండే నీలం రింగును అదే అంకె దగ్గర పెట్టారు. కాపర్-టీ సరిగ్గా పైగోడ దాకా పోయి ఆగడానికి ఆ రింగే గుర్తు. కొలవకుండా వేస్తే కిందికి ఉండిపోతుంది, కిందికి ఉన్నదే జారిపడుతుంది.

ప్యాకెట్‌ను మన ముందే తెరవమనాలి. రెక్కలను గొట్టంలోకి మడవడం కూడా ప్యాకెట్ లోపలే, చేయి తగలకుండా జరగాలి. మడిచాక ఐదు నిమిషాలకంటే ఎక్కువ ఉంచితే రెక్కలు మళ్లీ సరిగ్గా విచ్చుకోవు, అందుకే కొలత తీసుకున్నాకే మడుస్తారు. ప్యాకెట్ మీది గడువు తేదీ వేయడానికి గడువు మాత్రమే, పదేళ్ల లెక్క వేసిన రోజు నుంచి మొదలవుతుంది. నాకు చూపించిన ప్యాకెట్‌లో రాగి కొంచెం నల్లబడి ఉంది. పాతదేమో అనుకునేలోపే సిస్టర్ చెప్పారు, సీలు చెక్కుచెదరకుండా ఉంటే రాగి రంగు మారడం వల్ల నష్టం లేదని.

కాపర్-టీ కింద వేలాడే దారాలను మూడు, నాలుగు సెంటీమీటర్లు వదిలి కత్తిరిస్తారు. మరీ పొట్టిగా కోయొద్దని అడగండి. పొట్టి దారం సూటిగా నిలబడి భర్తకు గుచ్చుకుంటుంది, కొంచెం పొడుగుంటే మెత్తబడి మూతి వెనక్కి ఒదిగిపోతుంది. పావుగంట పడుకోబెట్టి పంపారు. వచ్చేటప్పుడు బస్సులో నాకు జీరో టికెట్, తోడొచ్చిన ఆయనకు మాత్రం డబ్బులు పెట్టాల్సి వచ్చింది. ఆ రోజు మొత్తం ఖర్చు అదే. నల్లగొండలో ఒక ప్రైవేట్ దవాఖానలో ముందే అడిగితే కన్సల్టేషన్, స్కానింగ్, వేయడం కలిపి నాలుగు వేల దాకా చెప్పారు.

ఒక కార్డు ఇస్తారు. వేసిన తేదీ, రకం, మళ్లీ చూపించాల్సిన తేదీ, తీయాల్సిన సంవత్సరం రాసి ఉంటాయి. ఇంటికి రాగానే ఫొటో తీసి పెట్టుకోవాలి, పదేళ్లు కాగితం ఎవరింట్లో ఉంటుంది? రేపెప్పుడైనా ఎంఆర్‌ఐ తీయాల్సి వస్తే అక్కడ కాపర్-టీ ఉందని చెప్పాలి, రకం అడుగుతారు.

వేసినప్పటి నుంచే కాపర్-టీ పనిచేస్తుంది. రెండు రోజులు పొత్తికడుపు పోటు, నాలుగైదు రోజులు మరకలు. మొదటి మూడు వారాల్లో జ్వరం, పొత్తికడుపులో తగ్గని నొప్పి, చెడు వాసన గల స్రావం ఉంటే అది మామూలు పోటు కాదు, ఇన్‌ఫెక్షన్ వచ్చేది ఆ రోజుల్లోనే. అలాంటప్పుడు ఆశ వర్కర్‌కు ఫోన్ చేసి ఊరుకోకుండా దవాఖానకు పోవాలి.

ఇక ముట్లు. మొదటిది తొమ్మిది రోజులు. మొదటి మూడు రోజులు మూడు, నాలుగు గంటలకో ప్యాడ్, చిన్న గడ్డలు. రాత్రి రెండు ప్యాడ్లు కలిపి పెట్టుకున్నా దుప్పటికి అంటింది. గంటకో ప్యాడ్ చొప్పున రెండు, మూడు గంటలు వరసగా తడిస్తే ఆగకుండా దవాఖానకు పోవాలన్నది వాళ్లు చెప్పిన గీటురాయి, నాకు అంత దూరం రాలేదు. ప్యాడ్ల ఖర్చు మామూలుగా అయ్యేదానికి రెట్టింపు అయ్యింది. ఉచితం అనుకున్న పనిలో అసలు ఖర్చు ఇదే. మెఫెనమిక్ యాసిడ్ 500 మూడు పూటలా, తిన్నాక, మొదటి మూడు రోజులు వేసుకోమని డాక్టర్ రాసిచ్చారు. అది నొప్పితోపాటు రక్తస్రావాన్నీ కొంత తగ్గిస్తుంది. రెండో ముట్టు నుంచి మొదటి మరక కనబడగానే మొదలుపెట్టా, తేడా తెలిసింది. నొప్పి ముదిరాక వేసుకుంటే అంత పనిచేయదు.

ఇంట్లో ముట్టు పాటించేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది, దీన్ని ఏ సిస్టరూ చెప్పదు. ఐదో రోజు తలస్నానం చేసి వంటింట్లోకి వస్తే ఏడో రోజు మళ్లీ మరక. ఇక ఎన్ని రోజులు బయట? మా అత్తమ్మే తేల్చింది, "ఐదు రోజులే లెక్క, మిగిలింది ఆ రాగి వల్ల పోయేది" అని. ఆ మాట ముందే మాట్లాడుకుంటే మంచిది, లేకపోతే నెలలో సగం రోజులు దీపం ఎవరు పెట్టాలన్న గొడవే. నాట్లకు, పత్తి ఏరడానికి పోయేవాళ్లు ఆ సీజన్ ముందు నెలలో వేయించుకోవద్దని నా సలహా. పొద్దంతా బురదలో వంగి ఉండే పనిలో ప్యాడ్ మార్చుకునే చోటు కూడా దొరకదు.

ప్రతి ముట్టు ఆగిపోయాక దారం చూసుకోవాలి, ముఖ్యంగా మొదటి మూడు నెలలు. ఎందుకంటే జారిపడేది ఎక్కువగా అప్పుడే, అదీ ముట్టులోనే. బాత్రూంలో ప్యాడ్ పారేసే ముందు ఒకసారి చూడాలి. చేయి సబ్బుతో కడుక్కుని, గొంతుకూర్చుని, నడిమి వేలు లోపలికి పోనిస్తే గర్భసంచి మూతి ముక్కు కొనలా గట్టిగా తగులుతుంది. అక్కడ రెండు సన్నని దారాలు. లాగొద్దు, తాకితే చాలు. గట్టి ప్లాస్టిక్ తగిలితే కిందికి జారిందని అర్థం. ముట్టు కప్పు వాడేవాళ్లు కింద నొక్కి గాలి వదిలాకే తీయాలి, లేకపోతే ఆ పీల్చుడుకు దారం కూడా వచ్చేస్తుంది.

రెండో ముట్టు తర్వాత నాకు దారం తగల్లేదు. మర్నాడు చూసినా అంతే. ఆ రెండు మూడు రోజులు మనసు మనసులో లేదు, పడిపోయిందా, పైకి పోయిందా, అత్తమ్మ మాటే నిజమైందా అని. ఇలాంటప్పుడు కాపర్-టీ లేనట్టే లెక్క పెట్టుకుని నిరోధ్ వాడాలి. ముందు మూత్ర పరీక్ష, తర్వాత స్పెక్యులమ్ పెట్టి చూడటం, అప్పటికీ కనబడకపోతే స్కానింగ్. మా పీహెచ్‌సీలో స్కానింగ్ లేదు, నల్లగొండలో ప్రైవేట్‌గా తీయించుకుంటే 800 అయ్యింది. లీటరు నీళ్లు తాగి మూత్రం ఆపుకుని కూర్చోవాలి, అక్కడే గంట. రిపోర్టులో "ఐయూసీడీ ఇన్ సిటు" అని ఉంటే ఉండాల్సిన చోట ఉన్నట్టే. దారం మూతి లోపలికి ముడుచుకుపోయింది, అంతే. ఒకవేళ స్కానింగ్‌లోనూ కనబడకపోతే కడుపు ఎక్స్‌రే తీస్తారు, ప్లాస్టిక్‌లో బేరియం కలుపుతారు కాబట్టి అందులో తెల్లగా కనబడుతుంది.

మూడో ముట్టు ఏడు రోజులు, నాలుగోది ఆరు. మూడోది అయ్యాక చూపిస్తే హిమోగ్లోబిన్ 10.4. ముందు రెండు నెలలు మాత్రలు వాడకపోయి ఉంటే ఎక్కడ తేలేదో. ఐరన్ ఇంకో మూడు నెలలు కొనసాగించమన్నారు. ఇప్పుడు ముట్టు నా పాత లెక్కకంటే ఒక రోజు ఎక్కువ, పోటు మొదటి రోజే. పీసీఓడీ వల్ల ఆలస్యం మాత్రం అలాగే ఉంది, కాపర్-టీకి దానితో పని లేదు. అలవాటుకంటే ఆలస్యమైతే కిట్టుతో చూసుకుంటా. కాపర్-టీ ఉండగా గర్భం రావడం అరుదే, వస్తే అది ట్యూబులో నిలిచే అవకాశం ఉంటుంది కనుక "చూద్దాంలే" అనడానికి లేదు.

తీయించుకోవడం గురించి కూడా ఆ సిస్టర్‌నే అడిగి పెట్టుకున్నా. దారం పట్టుకుని లాగితే నిమిషంలో వస్తుంది, పిల్లలు కావాలంటే ఆ నెల నుంచే ప్రయత్నించవచ్చు. పడకపోతే ఏడాది ఆగమని కొందరు ఒత్తిడి చేస్తారు. కారణం చెప్పకపోయినా తీయమని అడిగే హక్కు మనదే. పిల్లలు ఇప్పుడే వద్దు, వేరే పద్ధతికి మారతాం అనుకునేవాళ్లు మాత్రం తీయించుకునే రోజుకు ముందు ఏడు రోజులు దూరంగా ఉండాలి, లేదా నిరోధ్ వాడాలి. వీర్యకణాలు లోపల కొన్ని రోజులు బతుకుతాయి, కాపర్-టీ పోయిన మరుక్షణం వాటికి అడ్డు ఉండదు.